కఠోరపరీక్షలు – ప్రేక్షకుల తీర్పు

(ఒక పఠనమందిరమున జరిగిన సాయంకాలసభలో గావించిన యుపన్యాస పాఠము)



ఈ మందిరమున పత్రికలు చదువుట యెంత ముఖ్యమో, చదివిన పిమ్మట వాదించుకొనుటయు నంత ముఖ్యము. కొన్ని వారములుగా ఇచ్చట సాగుచున్న వాదము ధరలను గూర్చి కాదు, ఎన్నికలను గూర్చి కాదు. ఒక టెలివిజన్ వినోదమును గూర్చి. అది మనదేశమున పుట్టినది కాదు. ఐనను సముద్రములు దాటి మన చేతిలోని ఫోనులోనికి వచ్చి పడుచున్నది. మన యువకులు దానిని చూచుచున్నారు. చూచి యూరకుండక తీర్పులు చెప్పుచున్నారు. ఇతడు వీరుడు, అతడు పిరికి, ఆమె పనికిరాదు, ఈ శిక్షకుడు ఘనుడు అని క్షణమున నిర్ణయించుచున్నారు. నేడు నన్ను మాటలాడుమని కోరినది ఆ తీర్పులను గూర్చియే.

నేను సైనికుడను గాను, న్యాయవాదిని. సాక్ష్యమును తూచి చూచుట నా వృత్తి. కావున ప్రేక్షకుల యభిప్రాయములను సాక్షులనుగా నెంచి యొక్కొక్కదానిని బోనెక్కించి ప్రశ్నించెదను. ఏ సాక్షిని అవమానించుట నా యుద్దేశము కాదు. ప్రతి సాక్షియందును కొంత సత్యము గలదు. ఆ సత్యము ఎంతవరకు నిలుచునో చూచుటయే మన పని.

ముందుగా వ్యాజ్యపు విషయమును మనవి చేసెదను. బ్రిటిషు సైన్యమున స్పెషల్ ఎయిర్ సర్వీసు అను దళమొకటి గలదు. 1941లో ఉత్తరాఫ్రికా యెడారియుద్ధ కాలమున డేవిడ్ స్టర్లింగ్ అను యువసైనికాధికారి దానిని స్థాపించెను. తెగించినవాడే గెలుచును అనునది దాని బిరుదువాక్యము. ధైర్యే సాహసే లక్ష్మీ యని మనవారు చెప్పునదియు నట్టిదే. ఆ దళమున జేరగోరు సైనికులను నెలల తరబడి కొండలలోను అడవులలోను పరీక్షింతురు. తుదివరకు నిలుచువారు బహు కొద్దిమంది. ఆ పరీక్షయొక్క పోలికను సామాన్య పౌరులకు పెట్టి చూపిన నెట్లుండునని తలచి, 2015 అక్టోబరులో ఛానల్ 4 అను బ్రిటిషు సంస్థ 'ఎస్.ఏ.ఎస్.: హూ డేర్స్ విన్స్' అను కార్యక్రమమును ప్రారంభించెను. మొదటి తడవ వేల్సుదేశపు బ్రెకన్ బీకన్స్ కొండలలో ముప్పదిమంది పురుషులతో జరిగినది. పిమ్మట ఈక్వడార్ అడవులు, మొరాకో పర్వతములు, చిలీదేశపు ఆండీస్ శిఖరములు, స్కాట్లండునందలి యొక దీవి – ఇట్లు స్థలములు మారుచు వచ్చెను. 2019 నుండి నటులు, క్రీడాకారులు మొదలగు ప్రముఖులతో వేరొక తరగతియు నడచుచున్నది. 2020లో ఆస్ట్రేలియాలోను, 2023లో అమెరికాలోను ఇట్టివే వెలసెను.

పద్ధతి యిట్టిది. అభ్యర్థిని పేరుతో పిలువరు. అతని చేతిపట్టీమీద నొక సంఖ్య యుండును, దానితోనే పిలుతురు. బరువైన మూట వీపున వేసికొని కొండలెక్కవలెను. గడ్డకట్టించు నీట మునుగవలెను. ఎత్తునుండి వెనుకకు వాలి పడవలెను. నిద్ర కొద్ది, తిండి కొద్ది, తిట్లు మాత్రము పుష్కలము. మాజీ సైనికులైన శిక్షకులు మొగమునకు మొగము చేర్చి యరచుచుందురు. కడపట ముసుగు తొడిగి, శత్రువు చేజిక్కిన బందీలను ప్రశ్నించునట్లు ప్రశ్నింతురు. ప్రేక్షకుల వోట్లు లేవు. గెలిచినవానికి ధనరూపమైన బహుమానము లేదు. ఇక నావల్ల కాదని తోచినవాడు చేతిపట్టీ విప్పి శిక్షకుని చేతికిచ్చి వెడలిపోవచ్చును. ఈ చేతిపట్టీని దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. వ్యాజ్యమంతయు దానిమీదనే యాధారపడియున్నది.

ఇక మొదటి సాక్షి. ఇది మనుష్యునిలో నిద్రించుచున్న శక్తిని మేలుకొలుపు యజ్ఞము, దీనిని జూచి మాకు ఉత్సాహము కలుగుచున్నది అనువారు వీరు. వీరి సంఖ్య అధికము. వీరి మాటలో పస గలదు. ఈ కార్యక్రమమున ఒకరిమీద నొకరు కొండెములు చెప్పి గెలుచుట లేదు. ఒకరినొకరు వోట్లతో వెడలగొట్టుట లేదు. ఇతర టెలివిజన్ వినోదములతో బోల్చిన నిదియే గొప్ప శుద్ధి. పగలంతయు అరచిన శిక్షకుడే రాత్రి యభ్యర్థిని వేరుగదికి బిలిచి, నీవేల వచ్చితివని శాంతముగా నడుగును. అచ్చట కొందరు తమ దుఃఖములను, చిన్ననాటి గాయములను చెప్పుకొని కన్నీరు పెట్టుకొందురు. మగవాడు ఏడ్వరాదను మూఢవిశ్వాసము ఆ గదిలో కొంత సడలినదని ప్రేక్షకులు సంతోషించుట న్యాయమే. 2023లో అమెరికాలో మొదటి తడవ పదునారుగురు ప్రముఖులు జోర్డాను ఎడారిలో పరీక్షకు నిలువగా, తుదకు మిగిలినవారు ఇద్దరు – ఇద్దరును స్త్రీలే. ఒకరు ఫుట్‌బాల్ క్రీడాకారిణి కార్లీ లాయిడ్, మరియొకరు టెలివిజన్‌వల్ల ప్రసిద్ధి కెక్కిన హానా బ్రౌన్. కండలు చూచి బలమును కొలుచువారికి ఇంతకంటె మంచి పాఠము లేదు.

ఈ సాక్షిని నేనడుగు ప్రశ్న యొక్కటే. తమరు చూచినది జరిగినదంతయునా, జరిగినదానిలో ఏరి కూర్చినదా? రాత్రింబవళ్లు అనేక కెమెరాలు చిత్రించినదానిని కోసి, అతికి, సంగీతము జోడించి కొన్ని గంటలకు దించుదురు. ఒకడు మూడవనాడు చెప్పిన మాట, మొదటినాటి మొగముప్రక్కన నిలిచిన అర్థము మారును. న్యాయస్థానమున ఇట్టి సాక్ష్యమును, మూలప్రతి యెచ్చట అని యడుగక యెవ్వరు నంగీకరింపరు. చిత్రమున శిక్షకుడు నిండుగా కనబడును. చాటుననున్న వైద్యుడు, మనస్తత్వజ్ఞుడు, త్రాళ్లు సరిచూచు పనివాడు అరుదుగా కనబడుదురు. అరచుటచేత మనుష్యుడు బలపడునని మన యువకుడు నేర్చుకొనుచున్నాడు. ఆ యరపు వెనుక నెందరి జాగరూకత యున్నదో అతనికి తెలియుట లేదు. ఉత్సాహము మంచిదే, సగము చూచి పుట్టిన యుత్సాహము మాత్రము ప్రమాదకరము.

రెండవ సాక్షి నవ్వుచు వచ్చును. ఇదంతయు నటన, నిజమైన పరీక్ష నెలలు పట్టగా ఇది కొద్దిదినముల ముచ్చట, ప్రముఖులకు ప్రఖ్యాతి, సంస్థకు ప్రకటనల రాబడి అని వాదించును. ఇందులోను సత్యము లేకపోలేదు. నిజమైన దళమున జేరగోరువాడు అంతకుముందే సైనికుడు. అతని వెనుక ఏండ్ల శిక్షణ గలదు. టెలివిజన్ అభ్యర్థికి అది లేదు. కాని చలినీరు నటింపదు. వీపున మూట నటింపదు. మరియు ఇదంతయు ఆటయే యైనచో, ఆటనుండి తప్పుకొన్నవానిని ఈ సాక్షియే ఏల యెగతాళి చేయుచున్నాడు? గెలిచినవానిని జూచి నటన యనుచు, ఓడినవానిని జూచి పిరికితనమనుట రెండు నాలుకల సాక్ష్యము. ఒడ్డున నిలిచినవానికి లోతు తెలియదు. తెలియకపోవుట నేరము కాదు. లోతు తెలిసినట్లు తీర్పు చెప్పుటయే నేరము.

మూడవ సాక్షులు ఒక్కరు కారు, ఇద్దరు. వీరు ఒకరితో నొకరు పోరాడుచున్నారు. 2018 అక్టోబరులో బ్రిటిషు ప్రభుత్వము సైన్యమునందలి అన్ని పదవులకును స్త్రీలు అర్హులని ప్రకటించెను. 2019లో చిలీలో జరిగిన తరగతియందు ఈ కార్యక్రమమును మొదటిసారిగా స్త్రీలను చేర్చుకొనెను. ముష్టియుద్ధ పరీక్షలో ఒక స్త్రీ తన ప్రత్యర్థిగా పురుషునే యెన్నుకొనెను, అతడును కొట్టెను. ప్రేక్షకలోకము రెండుగా చీలిపోయెను. స్త్రీమీద చేయి చేసికొనుట కంట చూడలేమని కొందరు. సమానత్వమనిన నిదియే, ఆమెను తక్కువగా జూచి చేయి వెనుకకు దీయుటయే అవమానమని కొందరు. మన మందిరమునను ఈ రెండు పక్షములు గలవు. నాకు దోచినది చెప్పెదను. ఇంటిలో భార్యను కొట్టువాడు ఆమె యిష్టము నడుగడు. ఆమెకు తప్పించుకొను దారి నుంచడు. ఇచ్చట ఆమె తానై వచ్చినది, తానై ఎన్నుకొనినది, వలదన్న క్షణమున పోట ఆగును. దెబ్బ యొక్కటే యైనను, దానికి ముందున్న సమ్మతి, వెనుకనున్న విడుదల దాని స్వభావమునే మార్చివైచెను. ఆ రెండును లేనిచోట అదే దెబ్బ నేరము. కావున ప్రేక్షకుడు చూడవలసినది దెబ్బను గాదు; సమ్మతిని.

నాల్గవ సాక్షి యుద్ధమును వినోదముగా జేయుటయే తప్పనువాడు. వీనిని తేలికగా త్రోసిపుచ్చుటకు వీలులేదు. 2012 ఆగష్టున అమెరికాలో ఎన్.బి.సి. సంస్థ 'స్టార్స్ ఎర్న్ స్ట్రైప్స్' అను కార్యక్రమమును ప్రసారము చేసెను. విశ్రాంత సేనాని వెస్లీ క్లార్క్ దాని నిర్వాహకులలో నొకడు. ప్రముఖులు మాజీ సైనికులతో జతకూడి, హెలికాప్టరునుండి దుముకుట, తుపాకి పేల్చుట మొదలగు పనులలో పందెములాడిరి. గెలుపుసొమ్ము దానధర్మములకు పోయెను. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ మొదలగు తొమ్మండుగురు నోబెల్ శాంతిబహుమాన గ్రహీతలు దానిని ఖండించుచు బహిరంగలేఖ వ్రాసిరి. యుద్ధమును క్రీడవలె జూపుట, యుద్ధమున జచ్చువారిని మరపించుటయని వారి యాక్షేపణము. ఆ కార్యక్రమము నాలుగు వారములతో ముగిసినది.

కాని సైనికుని జీవితమును చూపుటయే తప్పని నేననజాలను. 2021లో మన తెలుగునటుడు రానా దగ్గుబాటి జైసల్మేరు సరిహద్దున సరిహద్దు భద్రతాదళము వారితో నుండి, వారి దినచర్యను పంచుకొన్న కార్యక్రమము వెలువడెను. ఎడారి యెండలో కాపలా యనిన నేమో పట్టణవాసికి కొంత తెలిసినది. సైనికుని శ్రమను చూపుట వేరు. శ్రమ యను పేర మనుష్యుని చితుకగొట్టి, ఆ చితుకుటను చూపుట వేరు. మొదటిదానివలన గౌరవము పుట్టును. రెండవదానివలన గౌరవము పుట్టునో, రుచి పుట్టునో, చూచువాడే తన హృదయమున జేయి వైచుకొని చెప్పవలెను. ఎద్దు పుండు కాకికి ముద్దని మన పెద్దలు ఊరక యనలేదు.

ఐదవ సాక్షి రాజకీయములు తెచ్చును. 2023లో ప్రసారమైన ప్రముఖుల తరగతిలో బ్రిటను మాజీ ఆరోగ్యమంత్రి మాట్ హాంకాక్ పాల్గొనెను. కోవిడు మహమ్మారికాలమున దేశమునకు దూరము పాటింపుమని బోధించి, తానే ఆ నియమమును దప్పి 2021 జూనులో పదవి వదలుకొన్నవాడు అతడు. బురదలో పొరలి, చలిలో వణకి, శిక్షకుల ప్రశ్నలకు తలయొగ్గిన యాతనిని జూచి, పాపమని జాలిపడినవారు కొందరు. ఆప్తులను గోల్పోయిన కుటుంబములకు ఇది యవమానమని మండిపడినవారు కొందరు. ఈ విషయమున నేను రెండవవారి పక్షము. ఆ సంవత్సరముననే మహమ్మారి విచారణసంఘము ఎదుట ప్రమాణముచేసి అతడు సాక్ష్యమిచ్చెను. ఆ సాక్ష్యమున కాగితములు గలవు, తారీఖులు గలవు, ఎదురుప్రశ్నలు గలవు. వినోదమున ఇవి యేవియు లేవు. చెమట యొక్కటే గలదు. చెమటను జూచి లెక్క చెల్లినదనుకొను ప్రజ, తన పాలకుల నడుగవలసిన ప్రశ్నలను వినోదపు శిక్షకునికి అప్పగించినదన్నమాట. ఒక దినపు కష్టము ఒక పదవీకాలపు బాధ్యతకు చెల్లుచీటి కానేరదు.

సోదరులారా! ఇప్పుడు ఆరవ సాక్షిని పిలుచుచున్నాను. ఈతడే యందరికంటె బలవంతుడు, యువకులలో ఈతని మాటకే చెల్లుబడి యెక్కువ. ఈతని వాదము: చేతిపట్టీ విప్పినవాడు పిరికివాడు. ఏమైనను సరే, ప్రాణము పోయినను సరే, నిలిచినవాడే మగవాడు. శిక్షకులు ఆ మాటనే అరచుదురు, ప్రేక్షకులు ఆ మాటనే తిరిగి యందురు. ఈ వాదమునకు ప్రత్యుత్తరము నేనీయను, వేల్సుకొండలే యిచ్చినవి.

2013 జూలై 13వ తేదీన, అదే బ్రెకన్ బీకన్స్ కొండలలో, అదే దళపు నిజమైన పరీక్ష జరిగినది. సైన్యపు రిజర్వుదళములకు చెందినవారు ఇరువది కిలోలకు పైబడిన బరువుతో పదునారు మైళ్లు గడువులోపల నడువవలెను. ఆనాడు ఆ దేశమున కరుదైన యెండ. ముగ్గురు యువకులు ఎండదెబ్బకు కూలిరి. ఇద్దరు ఆ దినముననే, ఒకడు ఆసుపత్రిలో రెండు వారములు దాటిన పిమ్మట, ప్రాణములు విడిచిరి. వారు చేతిపట్టీ విప్పినవారు కారు. చాలునని చెప్పని ధీరులు. వారి స్థానము తెలుపు యంత్రములు వారివద్ద నుండెను. కదలిక ఆగినదని ఆ యంత్రములు చూపుచున్నను సకాలమున గుర్తించినవారు లేకపోయిరి.

మరణవిచారణ 2015 జూలైలో ముగిసినది. నిర్లక్ష్యమును ఆ మరణములకు తోడ్పడినదని విచారణాధికారిణి తీర్పు చెప్పెను. ఆ తీర్పులో నొక సంగతి మన వాదమునకు ప్రాణము వంటిది. అంతకుముందే కొందరు సైనికులు ఎండబాధచే పరీక్షనుండి విరమించుకొనియుండిరి. అట్లు మొదటివారు పడిపోయిన యప్పుడే పరీక్ష నాపి పరిస్థితిని మరల తూచవలెనని సైన్యపు నియమావళియే చెప్పుచున్నది. ఆ నియమమును పాటించిన నేమగునో యోచింపుడు. ఎవరిని మన యారవ సాక్షి పిరికివాండ్రనునో, ఆ విరమించినవారే తక్కినవారి ప్రాణములకు హెచ్చరిక గంటలు! గంట మ్రోగినది, వినవలసినవారు వినలేదు. 2016లో ఆరోగ్యభద్రతా సంస్థ రక్షణశాఖను మందలించెను. ప్రభుత్వశాఖను నేరస్థునిగా బోనెక్కించుటకు అచ్చటి చట్టము వీలీయదు గనుక, మందలింపుతోనే సరిపుచ్చవలసి వచ్చినది. 2018లో సైనికన్యాయస్థానమున విచారింపబడిన యిద్దరు నిర్దోషులుగా విడువబడిరి. బ్రిటిషు పార్లమెంటు రక్షణసంఘము 2016లో ప్రకటించిన నివేదికనుబట్టి, 2000 నుండి అప్పటివరకు శిక్షణలోను అభ్యాసములలోను మరణించిన సైనికులు 135 మంది. శత్రువు గుండుకు గాదు, అభ్యాసమున.

విచారణ ముగిసిన మూడు నెలలకు, అవే కొండలలో చిత్రింపబడిన వినోదము ప్రసారమైనది. చూచినవారిలో నెందరు ఆ ముగ్గురిని తలచిరో నేనెరుగను. తలచియుండిన, చేతిపట్టీ విప్పినవానిని జూచి నవ్వియుండరు.

ఇది యెచ్చటి గోడు, మనకేల యనువా రుందురు. 2024 ఆగష్టు, సెప్టెంబరు మాసములలో జార్ఖండు రాష్ట్రమున ఎక్సైజు కానిస్టేబుళ్ల నియామకమునకు దేహదార్ఢ్యపరీక్షలు జరిగెను. పురుషులు పది కిలోమీటర్లు ఒక గంటలో పరుగెత్తవలెనని నియమము. ఆ పరుగులలో బడి పదిమందికి పైగా యువకులు మరణించిరి. వారికి చేతిపట్టీ లేదు. ఉద్యోగమను నాశ యున్నది, ఇంట ఎదురుచూచు తల్లిదండ్రులున్నారు. నిలిచిపోయిన ఉద్యోగము పోవును, నిలువకున్న ప్రాణము పోవును – ఈ రెంటి మధ్య పరుగెత్తినారు. మన పట్టణములలోను వేకువజామున మైదానముల వెంట పరుగెత్తు పిల్లలు వీరివంటివారే. పోలీసు, సైనికోద్యోగములకు శిక్షణ యిచ్చు చోట్ల శిక్షకుని తిట్టే బోధయని, నీళ్లడుగుట దౌర్బల్యమని యెవ్వరైన నేర్పినచో, ఆ పాఠమునకు మూలము ఈ వినోదముల తెరమీదను గొంత యుండక మానదు.

ఇక తుదిఘట్టమైన ప్రశ్నల గదిని గూర్చి. ప్రేక్షకులు అత్యంతోత్సాహముతో జూచునది యిదియేనని నలుగురును చెప్పుచున్నారు. ముసుగు, పెద్దచప్పుడు, నిద్రలేమి, కదలనీయక నిలువబెట్టుట, అరపులు. ఇట్టివానికి న్యాయశాస్త్రమున నొక చరిత్ర గలదు. 1971లో ఉత్తర ఐర్లండునందు విచారణ లేకుండ నిర్బంధింపబడినవారిలో పదునలుగురిని బ్రిటిషువారు ఐదు పద్ధతుల ప్రశ్నించిరి: గోడ కానించి గంటల తరబడి నిలువబెట్టుట, ముసుగు తొడుగుట, ఎడతెగని చప్పుడు వినిపించుట, నిద్ర లేకుండజేయుట, అన్నపానములు తగ్గించుట. 1972 మార్చిలో ప్రధాని ఎడ్వర్డ్ హీత్ వీనిని మరల వాడబోమని పార్లమెంటున ప్రకటించెను. 1978లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము ఇవి యమానుషము, అవమానకరము ననెను గాని, చిత్రహింస యను పేరు పెట్టలేదు. 2021లో బ్రిటను సుప్రీముకోర్టు, నేటి కొలతలనుబట్టి యవి చిత్రహింసయే యనిపించుకొనునని తలచెను.

మాటలు పుట్టుట వేరు, మరపు పుట్టుట వేరు. 2003 సెప్టెంబరులో ఇరాకునందలి బస్రాలో బహా మూసా అను హోటలు ఉద్యోగి బ్రిటిషు సైనికుల నిర్బంధమున మరణించెను. అతని వయస్సు ఇరువదియారు. దేహమున తొంబదిమూడు గాయములు లెక్కకు వచ్చినవి. ముసుగు తొడిగి, కదలనీయక నిలువబెట్టియుంచిరని 2011లో వెలువడిన విచారణనివేదిక తెలిపెను. ముప్పదియేండ్ల క్రింద నిషేధింపబడిన సంగతియే సైన్యమున మాసిపోయియుండెను. శత్రువునకు జిక్కినపుడు ఓర్చుకొనుట నేర్పు శిక్షణలో ఈ పద్ధతులను రుచిచూచిన సైనికులు, తమకు జిక్కినవారిమీద వానినే ప్రయోగించు ప్రమాదమును ఆ విచారణ చర్చించెను. శిక్షణపొందిన సైనికునికే ఈ రెంటి భేదము మాసిపోవునెడల, విందారగించుచు చూచు ప్రేక్షకునికి మాసిపోదని యెవరు చెప్పగలరు?

టెలివిజన్ గదిలో ముసుగు తొడిగించుకొనినవాడు తానై వచ్చెను. చాలునన్న చాలును. బహా మూసాకు చేతిపట్టీ లేదు. ఠాణాలో కూర్చుండబెట్టబడిన పేదవానికి చేతిపట్టీ లేదు. మన రాజ్యాంగము 20వ అధికరణమున, నిందితుని తనకు వ్యతిరేకముగా సాక్ష్యమిమ్మని నిర్బంధింపరాదని శాసించినది. పోలీసు అధికారియెదుట చేసిన నేరాంగీకారము నిందితునిమీద రుజువుగా పనికిరాదని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పెను. 2024 జూలైనుండి యమలులోనున్న క్రొత్త సాక్ష్యచట్టమును దానినే నిలిపినది. 1996లో డి.కె. బసు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, పట్టుకొన్నప్పుడు కాగితము వ్రాసి సాక్షిసంతకము గొనవలెననియు, బంధువులకు తెలుపవలెననియు, నలువదియెనిమిది గంటల కొకసారి వైద్యపరీక్ష చేయింపవలెననియు నియమించెను. ఇవియే మన పౌరుని చేతిపట్టీలు. వీనిని ఉకీళ్లు రక్షింపలేరు, న్యాయమూర్తులును ఒంటరిగా రక్షింపలేరు. చాలునన్నవానిని గౌరవించు ప్రజాభిప్రాయమే రక్షింపగలదు. ముసుగు తొడిగించుట మగతనపు పరీక్షయని నవ్వుచు జూచుట కలవాటుపడిన ప్రజ, ఠాణాగోడ వెనుకనుండి కేక వినిపించినపుడు, ఓర్చుకొనలేనివాడు నేరస్థుడే యని తలయూపును. నేను భయపడునది ఈ యలవాటునకు.

అట్లని ఈ వినోదమును చూడవలదని గాని, నిషేధింపవలెనని గాని నేను చెప్పుట లేదు. కంటికి కట్టు కట్టుట పఠనమందిరమున జెప్పదగిన మాట కాదు. చూడుడు. చూచునపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ కష్టమును ఇతడు తానై కోరెనా? చాలునన్న నిజముగా ఆగునా? ఆపవలసిన బాధ్యత యెవరిది, వారు మేలుకొని యున్నారా? ఈ మూడింటికి సమాధానము దొరికినచోట ఓర్పును మెచ్చుకొనుడు. మనుష్యుని ఓర్పు మెచ్చుకొనదగినదే. ఒక్కదానికి దొరకకున్నను, అది పరీక్ష కాదు, పీడనము; అచ్చట చప్పట్లు చరచుట పాపము.

ఒక పని కూడ చెప్పి విరమించెదను. నియామకపు పరుగులు జరుగు దినములలో ఈ మందిరమునకు వచ్చు పెద్దలు కొందరు మైదానమునకు పోవుడు. నీళ్లున్నవా, వైద్యుడున్నాడా, ఎండ ముదురకముందే పరుగు ముగియునా యని యడుగుడు. లేవన్న వ్రాతమూలకముగా నధికారులకు తెలుపుడు; వ్రాయుటకు నేను సిద్ధముగా నున్నాను, ఫీజక్కరలేదు. మీ యింటి పిల్లవాడు పరుగునుండి నడుమ తిరిగివచ్చిన, ఏల తిరిగివచ్చితివని యడుగకుడు. మొదట మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టుడు.